పనిలోంచి పుట్టిన నిరసన: బెంగళూరు స్త్రీవాద కళలో శ్రమ

నిరసన కళ అనగానే తెలుగు పాఠకుల కళ్ళముందు మెదిలేది చాలావరకు పోస్టరే. బిగించిన పిడికిలి, తెగిన సంకెళ్ళు, ఎర్రటి నేపథ్యం మీద జుట్టు విరబోసుకున్న స్త్రీ ముఖం, కింద ఒక నినాదం. ఉద్యమాల అవసరం కొద్దీ పుట్టిన ఆ బొమ్మల విలువ వాటికుంది. రాత్రికి రాత్రి గోడ మీద వేసి, తెల్లవారేసరికి వేలమందికి చేరవేయవలసిన మాటకు అంతకన్నా సూటి రూపం దొరకడం కష్టం. అయితే గత ముప్పై ఏళ్ళుగా బెంగళూరులో పనిచేస్తున్న స్త్రీవాద కళాకారిణుల కృషిని వరుసగా చూస్తూ వస్తే, నిరసన ఇంకో దారిలో కూడా నడిచిందని తెలుస్తుంది. ఆ దారిలో స్త్రీ బొమ్మ కన్నా స్త్రీ చేసే పని ముందుకు వచ్చింది. సూదిలో దారం ఎక్కించడం, పేడతో అలకడం, చారు కాచడం, ముగ్గు పెట్టడం, కట్టువిడిచిన బట్టలు దాచడం లాంటి, ఎవరి లెక్కలోకీ రాని పనులే కళకు ముడిసరుకుగా మారాయి. ఈ కళకున్న పదును ఎక్కువగా అక్కడి నుంచే వచ్చిందన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

అసలు కళాకారిణికి సమయం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాలుపంచుకునే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా, పాలుపంచుకునే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పురుషులైనా నూటికి 26 మందే. స్త్రీలు 81 మంది. 2024లో మళ్ళీ సర్వే చేస్తే ఆ సగటులు 289, 88 నిమిషాలుగా తేలాయి. రెండూ కాస్త తగ్గాయి గాని, వాటి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చింది, అంతే. బయట ఉద్యోగం చేసి, ఇంటికి వచ్చి ఈ నిమిషాలన్నీ ఖర్చుపెట్టిన తరువాత బొమ్మ వేయడానికి కూర్చునే స్త్రీకి మిగిలేది పిల్లలు నిద్రపోయాక దొరికే గంటో గంటన్నరో. స్త్రీలలో గొప్ప చిత్రకారులు ఎందుకు లేరన్న ప్రశ్నను 1971లో చర్చకు పెట్టిన అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్, జవాబును ప్రతిభలో కాకుండా చదువులు, సంస్థలు, అవకాశాల ఏర్పాటులో వెతకాలని వాదించింది. ఆ వాదనకు ఇంటి గడియారాన్ని కూడా జతచేయవలసి ఉంటుంది.

సమయం కొరత కళ పరిమాణాన్నే కాదు, కళ చేసే పదార్థాన్ని కూడా నిర్ణయిస్తుంది. తైలవర్ణం ఆరడానికి రోజులు పడుతుంది. టర్పెంటైన్ వాసన రెండు పడకగదుల ఫ్లాటులో పసిపిల్ల ఉన్న ఇంట్లో భరించరానిది. పెద్ద కాన్వాసును గోడకు ఆనించి నెలలకొద్దీ వదిలేయడానికి విడిగా ఒక గది కావాలి. బెంగళూరులో ఐటీ కంపెనీలోనో, బడిలో డ్రాయింగ్ టీచరుగానో, బ్యాంకులోనో పనిచేస్తూ బొమ్మలు వేసే తెలుగు స్త్రీలలో చాలామంది నీటిరంగులకో, పెన్ను గీతలకో, కుట్టుపనికో పరిమితమవడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. కుక్కరు విజిల్ వినబడితే కుట్టును మధ్యలో ఆపి లేచిపోవచ్చు. తిరిగి వచ్చి ఆపిన చోటు నుంచే అందుకోవచ్చు. కాగితం కొలత భోజనాల బల్ల కొలతను బట్టి ఉంటుంది. పూర్తయిన బొమ్మలు మంచం కింద పెట్టెలో చేరతాయి. మధ్యలో ఆపగలిగే మాధ్యమాలను కళాచరిత్ర చాలాకాలం 'చేతిపని' అని పక్కన పెట్టింది. ఆపగలగడం ఎవరికి అవసరమైందో చూస్తే ఆ పక్కన పెట్టడం ఎవరికి నష్టం చేసిందో కూడా తెలుస్తుంది.

ఈ పరిస్థితినే తమ బలంగా మలచుకున్న కళాకారిణులలో ముందు చెప్పుకోవలసిన పేరు న్యూయార్కు నగరానికి చెందిన ఫెయిత్ రింగ్‌గోల్డ్. 1930లో హార్లెంలో పుట్టిన ఈ నల్లజాతి చిత్రకారిణి 1955 నుంచి 1973 వరకు ప్రభుత్వ బడులలో చిత్రలేఖనం బోధిస్తూనే బొమ్మలు వేసింది, ఇద్దరు కూతుళ్ళను పెంచింది. 1970లో విట్నీ మ్యూజియం వార్షిక ప్రదర్శనలో సగం మంది స్త్రీలు ఉండాలని మ్యూజియం ముందు ఆందోళన చేసినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆ దశాబ్దంలోనే ఆమె చట్రానికి బిగించిన బరువైన కాన్వాసులను వదిలి, చుట్టి చంకన పెట్టుకుపోగలిగే గుడ్డ మీదికి మారింది. బట్టలు కుట్టడం వృత్తిగా ఉన్న తల్లి విల్లీ పోజీ ఆ గుడ్డ అంచులు కుట్టిపెట్టింది. 1980లో తల్లీకూతుళ్ళు కలిసి మొదటి బొంతను తయారుచేశారు. ఆ తరువాత కథలు రాసిన బొంతలే రింగ్‌గోల్డ్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిపెట్టాయి. పాత చీరలు పేర్చి బొంత కుట్టే అమ్మమ్మలు ఉన్న తెలుగు ఇళ్ళకు ఈ కథను వేరే విడమరచి చెప్పనక్కరలేదు. ఉద్యోగం చేసే స్త్రీకి మోయడానికి వీలుగా ఉండాలన్న మామూలు అవసరం నుంచి ఒక కొత్త కళారూపం పుట్టిందన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగినది.

బెంగళూరుకు వస్తే, ఈ చర్చకు కేంద్రంగా నిలిచే కళాకారిణి షీలా గౌడ. 1957లో భద్రావతిలో పుట్టి, బెంగళూరులోని కెన్ కళాశాలలో, తరువాత శాంతినికేతన్‌లో, లండన్‌లో చదివిన ఆమె మొదట చిత్రకారిణి. 1992 డిసెంబరు తరువాత దేశంలో చెలరేగిన మతహింస నేపథ్యంలో ఆమె తైలవర్ణాలను వదిలి ఆవుపేడతో పనిచేయడం మొదలుపెట్టింది. పేడ ఒకవైపు పవిత్రం, ఇంకోవైపు ఇంటి ఆడవాళ్ళు రోజూ చేతులతో ముట్టుకునే పదార్థం. కళ్ళాపి, అలుకు, పిడకలు ఇవన్నీ ఆడవాళ్ళ పనులే. పవిత్రత పేరుతో వీధుల్లో నెత్తురు పారుతున్న రోజుల్లో, ఆ పవిత్రతను నిజంగా చేతులతో మోసే మనిషి ఎవరో గుర్తుచేయడానికి ఇంతకు మించిన పదార్థం లేదు. నినాదం ఒక్కటీ లేకుండానే ఆ ఎంపిక మాట్లాడింది.

1998 నాటి ఆమె కృతి పేరును తెలుగులో 'నా నొప్పిని అతనికి చెప్పు' అనవచ్చు. దాన్ని దగ్గరగా చూడాలి. దూరం నుంచి చూస్తే గది గోడల మీదుగా, నేల మీదుగా మెలికలు తిరుగుతూ పోయే ఎర్రటి తాళ్ళు కనిపిస్తాయి. అవి నెత్తుటి చారలా, పేగులా, బొడ్డుతాడా అన్నది తేలదు. దగ్గరికి వెళితే తాడు ఒక్కటి కాదని, ఎన్నో సన్నని దారాల కట్ట అని తెలుస్తుంది. వందల అడుగుల పొడవున్న ఒక్కో దారాన్ని ఒక్కో సూది బెజ్జంలో దూర్చి, సగం పొడవు వచ్చేదాకా లాగి, అలాంటి దారాలన్నిటినీ కలిపి కుంకుమ, జిగురు ముద్దతో తడిపి ఒక తాడుగా చేశారు. సూదులను తీసేయలేదు. అవి తాడు కొసన గుత్తిగా వేలాడుతూ ఉంటాయి. కుంకుమ ఎరుపు చూసి ముందుకు చాపిన చేయి సూదుల మెరుపు చూసి వెనక్కి వస్తుంది.

ఈ కృతి గురించి రాసినవాళ్ళు ఎక్కువగా దాని ఆకారం గురించీ, కుంకుమ అర్థం గురించీ రాశారు. ఈ వ్యాసం దృష్టిలో దాని ప్రాణం లాగడంలో ఉంది. ఒక సూదిలో వందల అడుగుల దారాన్ని లాగుతూ కూర్చోవడమంటే ఒక పనిని అది పూర్తిగా అర్థరహితమయ్యేదాకా చేయడం. ఆ దారంతో ఏ బట్టా కుట్టరు. సూది కుట్టడానికి కాకుండా దారాన్ని మోయడానికే మిగిలిపోతుంది. చివరికి కుట్టు లేదు, శ్రమ మాత్రం కంటికి కనబడే పొడవుతో మిగిలింది. స్త్రీ రోజువారీ శ్రమకున్న లక్షణం సరిగ్గా ఇదే: గంటల తరబడి జరుగుతుంది, సాయంత్రానికి చూపించడానికి వస్తువేదీ ఉండదు. ఊడ్చిన ఇల్లు మళ్ళీ ఊడ్చవలసిన ఇల్లుగానే ఉంటుంది. షీలా గౌడ ఆ గంటలను కొలవగలిగే తాడుగా మార్చి గదిలో పరిచింది. నిరసన ఆ కొలతలోనే ఉంది.

ఈ కృతిని బెంగళూరులో నిలబడి చూసేవారికి ఇంకో సంగతి తట్టక మానదు. ఈ నగరంలో సూదీ దారంతో బతికే స్త్రీలు లక్షల్లో ఉన్నారు. బొమ్మనహళ్ళి, పీణ్య, మైసూరు రోడ్డు చుట్టుపక్కల గార్మెంట్స్‌లో పనిచేసేవారిలో అత్యధికులు ఆడవాళ్ళు. వారిలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. లైనులో కూర్చున్న ఒక టైలరు రోజంతా కాలరే కుడుతుంది, లేదా జేబే కుడుతుంది. గంటకు ఇన్ని పీసులని టార్గెట్టు. పూర్తయిన చొక్కా ఆమె చేతికి రాదు. 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో ఈ స్త్రీలు వేల సంఖ్యలో హోసూరు రోడ్డును, తుమకూరు వైపు రోడ్డును దిగ్బంధించారు. ఉద్యోగం మానేసినా యజమాని వాటా పీఎఫ్ సొమ్మును 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోరాదన్న కొత్త నిబంధన వారి కోపానికి కారణం. పిల్ల పెళ్ళికో, ఊళ్ళో అప్పు తీర్చడానికో ఆ డబ్బు మీదే ఆశపెట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఏ పెద్ద సంఘమూ పిలుపు ఇవ్వకుండానే మొదలైన ఆందోళనకు తలవంచి కేంద్ర ప్రభుత్వం 19వ తేదీనే ఆ నిబంధనను ఉపసంహరించుకుంది. షీలా గౌడ కృతి గార్మెంట్స్ స్త్రీల గురించి చేసింది కాదు. అలా చెప్పడం దానిని ఇరుకు చేయడమే అవుతుంది. కాని ఒకే నగరంలో, ఒకే సూది గురించి, ఒకటి గదిలో మౌనంగానూ ఇంకొకటి నడిరోడ్డు మీద గొంతెత్తీ మాట్లాడాయన్న వాస్తవాన్ని పక్కన పెట్టి ఆ తాడును చూడడం ఇక సాధ్యం కాదు.

2009లో ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బినాలేలో ప్రదర్శించిన 'చూడు' అనే అర్థం వచ్చే పేరున్న ఆమె కృతి తెలుగువారికి ఇంకా దగ్గరిది. మనిషి జుట్టుతో పేనిన సుమారు 4 కిలోమీటర్ల తాడు, దానికి వేలాడదీసిన ఇరవై దాకా కారు బంపర్లు, అంతే ఆ కృతి. దిష్టి తగలకుండా బండి ముందు జుట్టు తాడు కట్టడం బెంగళూరు వీధుల్లో మామూలు దృశ్యం. ఆ తాడుకు జుట్టు వచ్చేది గుళ్ళలో తలనీలాలుగా ఇచ్చిన దానిలోంచి. తలనీలాలు అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది తిరుమల కల్యాణకట్ట. అక్కడి జుట్టును పొడవును బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తారు. స్త్రీల పొడవాటి జుట్టు విగ్గుల వ్యాపారానికి, విదేశాలకు పోతుంది. పొట్టి జుట్టు తాళ్ళకూ మరికొన్ని చవక సరుకులకూ పోతుంది. మొక్కు తీర్చుకున్న స్త్రీకి ఆ డబ్బుతో సంబంధం లేదు. ఆమె దృష్టిలో అది దేవుడి సొమ్ము. మధ్యలో చిక్కుజుట్టు విడదీసే పని ఉంటుంది. కర్ణాటకలో కొప్పళ దగ్గరి భాగ్యనగర్ ఆ పనికి పేరుపడిన చోటు. నేల మీద కూర్చుని వేళ్ళతో ఆ చిక్కులు విడదీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. భక్తి, భయం, వ్యాపారం, కూలి ఇవన్నీ ఒకే వెంట్రుకలో కలిసి ఉన్నాయి. షీలా గౌడ వాటిలో దేన్నీ వెక్కిరించలేదు. మెత్తటి జుట్టు బరువైన ఇనుమును మోస్తున్నట్టు కట్టి, చూడమని మాత్రం చెప్పింది.

పుష్పమాల ఎన్. దారి దీనికి పూర్తిగా భిన్నం. 1956లో బెంగళూరులో పుట్టి, బరోడాలో శిల్పకళ చదివిన ఆమె తొంభైలలో ఫోటో వైపు మళ్ళి, తానే పాత్రధారిగా కెమెరా ముందు నిలబడడం మొదలుపెట్టింది. బెంగళూరులో స్థిరపడిన బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 వరకు చేసిన ఫోటోల వరుసలో దక్షిణ భారత స్త్రీని జనం మనసులో ముద్రించిన చిత్రాలను ఆమె ఒక్కొక్కటిగా తిరిగి అభినయించింది. రవివర్మ లక్ష్మి, వెన్నెల్లో కూర్చున్న సుందరి, బీజాపూరు సూక్ష్మచిత్రంలోని యోగిని, వెనక గళ్ళ తెర కట్టి ఒళ్ళు కొలిచిన పందొమ్మిదో శతాబ్ది మానవశాస్త్ర ఫోటోలోని గిరిజన స్త్రీ, పోలీసు ఫోటోలో నేరస్తురాలు. పూజగదిలో దండం పెట్టుకునే లక్ష్మి రూపానికీ, కొలతల తెర ముందు నిలబెట్టిన స్త్రీ రూపానికీ ఒకే శరీరాన్ని ఇవ్వడంలో ఆమె వాదన ఉంది. రెండు చోట్లా ఎలా నిలబడాలో, ఎటు చూడాలో నిర్ణయించింది ఆ స్త్రీ కాదు.

ఆ వరుసలో అందరూ ప్రస్తావించే లక్ష్మి కన్నా తక్కువగా ప్రస్తావనకు వచ్చే భాగం ఒకటుంది. ఒక్కో ఫోటో ఎలా తయారైందో చూపే ఫోటోలను కూడా విడిగా ఒక శ్రేణిగా ఆమె ప్రదర్శనలో పెట్టింది. తెరలకు రంగు వేసినవాళ్ళు, అలంకరణ చేసినవాళ్ళు, దీపాలు పట్టుకున్నవాళ్ళు, తామరపువ్వును నిలబెట్టడానికి పడిన తంటాలు అందులో ఉన్నాయి. 'దక్షిణ భారత స్త్రీ' అన్నది ఇంతమంది కూలి చేసి తయారుచేసిన వస్తువు అని చెప్పడానికి అంతకన్నా నమ్మకమైన సాక్ష్యం ఉండదు. ముగిసిన బొమ్మ మాయ చేస్తుంది, పని ఆ మాయను విప్పి చూపుతుంది.

బెంగళూరు పత్రికా సంపాదకురాలు గౌరీ లంకేశ్‌ను 2017 సెప్టెంబరు 5న ఆమె ఇంటిముందే కాల్చిచంపారు. మరుసటి ఏడాది పుష్పమాల ఆమె స్మృతిలో చేసిన ప్రదర్శనలో, గౌరి పేరు పెట్టిన 'అర్జెంట్ సారు'ను ప్రేక్షకుల ముందే వండింది. కన్నడ సారు, మన చారు ఒకటే. ఉద్యోగం చేసే స్త్రీ ఇంటికి వచ్చి పావుగంటలో కాచుకునే చారు అది. గౌరి కూడా పత్రిక పని ముగించుకుని ఇంటికి చేరుకునే స్త్రీయే. హత్య జరిగిన తీరును అభినయించి ఉంటే అది హంతకుల పని గురించిన కృతి అయ్యేది. చారు కాచడం వల్ల అది చనిపోయిన మనిషి బతుకు గురించిన కృతి అయింది. శోకాన్నీ నిరసననూ కలిపి వండిన ఆ ఎంపికలోని వివేకం చాలా గొప్పది.

ఇంటిపని ఏ క్షణాన నిరసనగా మారుతుందో చెప్పలేమనడానికి పక్కనున్న చెన్నై ఒక ఉదాహరణ ఇచ్చింది. 2019 డిసెంబరు 29న బెసెంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ వీధిలో ముగ్గులు పెట్టినవారిలో కొందరిని పోలీసులు అదుపులోకి తీసుకుని తరువాత వదిలేశారు. అదుపులోకి తీసుకున్నవారిలో స్త్రీలు ఉన్నారు. ఆ తరువాత రోజుల్లో అలాంటి ముగ్గులు ఎన్నో వాకిళ్ళలో కనిపించాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలిలో వంగి ముగ్గు పెట్టే చేతులను ఎవరూ అనుమానించరు. అదే పిండి, అవే చుక్కలు, ఒక్క మాట చేరేసరికి శాంతిభద్రతల సమస్య అయింది.

బ్లాంక్ నాయిస్ కృషి మ్యూజియం గోడల అవసరం లేనిది. 2003లో బెంగళూరు సృష్టి కళాసంస్థలో విద్యార్థినిగా ఉన్నప్పుడు జాస్మీన్ పథేజా మొదలుపెట్టిన ఈ సమూహం వీధుల్లో స్త్రీల మీద జరిగే వేధింపులకు వ్యతిరేకంగా పనిచేస్తూ వచ్చింది. వేధింపు జరిగిన రోజు ఒంటి మీద ఉన్న దుస్తులను స్త్రీల నుంచి సేకరించి, వాటితో పాటు వారి మాటలను ప్రదర్శించడం వీరి కార్యక్రమాల్లో ఒకటి. 'అలాంటి బట్టలు వేసుకుంటే అలాగే అవుతుంది' అనే నోళ్ళకు సమాధానంగా అక్కడ వేలాడేవి మామూలు సల్వార్లు, చీరలు, బడి యూనిఫారాలు. వాటిని చూస్తున్నప్పుడు ఒక తల్లి ఆ బట్టలను ఎన్నిసార్లు ఉతికి ఆరేసి ఉంటుందో అన్న ఆలోచన కూడా వస్తుంది. ఇంకో కార్యక్రమంలో స్త్రీలు గుంపుగా కబ్బన్ పార్కు లాంటి చోట్ల దుప్పటి పరుచుకుని నిద్రపోతారు. భయం లేకుండా బహిరంగ స్థలంలో కునుకు తీయడం పురుషులకు ఎప్పటి నుంచో ఉన్న హక్కు; బస్టాండులో, పార్కు బల్ల మీద, ఆటో వెనక సీటులో మగవాళ్ళు నిద్రపోతుంటే ఎవరూ తిరిగి చూడరు.

అయితే ఈ నిద్ర గురించి ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. పార్కులో నిద్రపోవడానికి సెలవురోజు మధ్యాహ్నం ఖాళీగా ఉండాలి. గార్మెంట్స్ టైలరుకు ఆదివారం అంటే వారం బట్టలు ఉతుక్కోవడం, నీళ్ళు పట్టుకోవడం, సంత చేయడం. ఆమె కూడా బహిరంగంగానే కునుకు తీస్తుంది, కంపెనీ బస్సులో, ఎదురు సీటు కమ్మీకి తల ఆనించి. ఆ నిద్రను నిరసన అని ఎవరూ పిలవరు. మధ్యతరగతి స్త్రీ హక్కుగా అడుగుతున్న విశ్రాంతికీ, కార్మిక స్త్రీ అలసటతో తెచ్చుకునే నిద్రకూ మధ్యనున్న దూరాన్ని బెంగళూరు స్త్రీవాద కళ ఇంకా పూర్తిగా దాటలేదు. ఇది బ్లాంక్ నాయిస్‌లో లోపం అనడం కన్నా, సమయం ఎవరి చేతిలో ఉందో కళ కూడా వారి వైపే ఒరుగుతుందనడం సరైనది.

ఆ దూరం గ్యాలరీలలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2009లో ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు భవనంలో మొదలైన జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల అందరికీ తెరిచే ఉంటుంది. ప్రైవేటు గ్యాలరీలలో చాలా వాటికి టిక్కెట్టు కూడా ఉండదు. అయినా లోపలికి అడుగుపెట్టడానికి ఒక ధైర్యం కావాలి. గోడ మీద రాసిన వివరణ చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది. తెరిచి ఉండే వేళలు ఫ్యాక్టరీ షిఫ్టుతో కలవవు. జనవరిలో చిత్రకళా పరిషత్తు కుమారకృప రోడ్డు మీద జరిపే చిత్రసంతె ఈ గోడను ఒక్కరోజుకు పడగొడుతుంది. ఉద్యోగాలు చేసుకునే స్త్రీలు ఎందరో అక్కడ తమ బొమ్మలు ఫుట్‌పాత్ మీద పరుచుకుని కూర్చుంటారు. కాని అమ్ముడయ్యేవి వినాయకుళ్ళు, బుద్ధుళ్ళు, పల్లెటూరి దృశ్యాలు. ఏడాదంతా రాత్రిళ్ళు మేలుకుని వేసిన బొమ్మలకు కనీసం రంగుల ఖర్చయినా రావాలనుకునే స్త్రీ, కొనేవాడి ముందుగదికి సరిపోని బొమ్మను అక్కడ పరచడానికి వెనకాడడం సహజం. మార్చి 8న ఆఫీసుల్లో పెట్టే మహిళాదినోత్సవ ప్రదర్శనలు కూడా ఆమెను అటే నెడతాయి. అక్కడ స్త్రీశక్తి పేరుతో రెక్కలు, పూలు, పది చేతుల దేవతలు ఉండవచ్చు గాని, ఆ ఆఫీసు మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు కార్మికురాలి జీతపు చీటీకి చోటుండదు. పది చేతుల స్త్రీని పొగిడే బొమ్మ అన్ని పనులూ ఆమే చేయాలన్న ఏర్పాటును పొగుడుతోందని గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది.

కళను పనిచేసేవాళ్ళ దగ్గరికే తీసుకుపోవడం ఎలాగో న్యూయార్కులో కళాకారిణి మియర్లే లాడర్‌మన్ యూకెలెస్ చేసి చూపింది. బిడ్డ పుట్టాక రోజంతా కడగడం, ఊడ్చడం, తుడవడంలోనే గడిచిపోతున్న దశలో, 1969లో ఆమె ఒక ప్రకటన రాసింది. ప్రపంచాన్ని రోజూ నడిపించే ఈ నిర్వహణ పనులను ఇకపై తాను కళగా చేస్తానన్నది దాని సారాంశం. 1973లో ఒక మ్యూజియం మెట్లను మోకాళ్ళ మీద కూర్చుని కడిగింది. 1977 నుంచి నగర పారిశుద్ధ్య విభాగంలో జీతం లేని కళాకారిణిగా చేరి, 1979, 80 సంవత్సరాల్లో దాదాపు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులను వారి పనిచోట్లలోనే కలిసి, ఒక్కొక్కరితో చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. వారి షిఫ్టు వేళలకే ఆమె లేచి వెళ్ళింది. చెత్త ఎత్తే చేతిని ముట్టుకోవడమే ఆ కృతి.

ఆ చేయి కలపడాన్ని బెంగళూరులో ఊహిస్తే దాని అర్థం ఇంకా బరువెక్కుతుంది. ఈ నగరపు వీధులు ఊడ్చే పౌరకార్మికులలో ఎక్కువమంది దశాబ్దాల క్రితం ఆంధ్ర ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవారు. వారిలో స్త్రీలే అధికం. నగరంలోని తెలుగు ఉద్యోగులు అపార్టుమెంటు గేటు దగ్గర ప్రతి ఉదయం వినే తెలుగు చాలాసార్లు వీరిదే. ఉద్యోగాలు పర్మనెంటు చేయాలని 2022 జూలై మొదట్లో వీరు కర్ణాటక అంతటా సమ్మెకు దిగారు. ఇక్కడ చేయి కలపడం కృతజ్ఞత దగ్గర ఆగదు, అంటరానితనాన్ని ముట్టుకుంటుంది. స్త్రీవాద కళ కులాన్ని పక్కన పెట్టి శ్రమ గురించి మాట్లాడితే దాని మాట సగమే అవుతుందని చెప్పడానికి ఇంతకన్నా సూటి సందర్భం ఉండదు.

కళ ద్వారా కూలి కూడా దక్కాలన్న పట్టుదల 2016లో బెంగళూరులో పూర్ణిమా సుకుమార్ మొదలుపెట్టిన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టులో కనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ స్త్రీలు కలిసి నగరపు గోడల మీద భారీ చిత్రాలు వేస్తారు. 2024లో ఈ సమూహం వెనిస్ బినాలే దాకా వెళ్ళింది. ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర తప్ప తమను నగరం చూడదన్న స్త్రీలు పగటిపూట, నిచ్చెనలెక్కి, రోడ్డున పోయే అందరి ఎదుట రంగులు వేస్తారు. గోడ మీది బొమ్మ ఎంత ముఖ్యమో, దానికి ముట్టే డబ్బు అంత ముఖ్యం.

డబ్బు మాట వచ్చింది కనుక, ఉద్యోగం చేసే కళాకారిణికి నిజంగా అడ్డొస్తున్నది ఏమిటో కూడా చెప్పుకోవాలి. కళాకారులకు దొరికే ఫెలోషిప్పులు, రెసిడెన్సీలు ఎక్కువగా నెలో రెండు నెలలో ఇల్లు విడిచి ఇంకో ఊళ్ళో ఉండగలిగినవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందించినవి. అంత సెలవు పెడితే ఉద్యోగం ఉండదు. అంతకాలం ఇల్లు వదిలితే పిల్లల బడి, పెద్దవాళ్ళ మందులు ఎవరు చూస్తారన్నది తేలదు. దరఖాస్తులో రంగులకు, అద్దెకు, ప్రయాణానికి లెక్క చూపవచ్చు గాని, ఆరునెలల పాటు వంటమనిషికి ఇచ్చే జీతం, బిడ్డను చూసుకునే ఆయాకు ఇచ్చే జీతం కళ ఖర్చుగా చూపడానికి గడి ఉండదు. ఆ గడి ఉండాలి. దానితో పాటు ఆ వంటమనిషి, ఆ ఆయా, తాళ్ళు పేనినవారు, తెర రంగులు వేసినవారు, వీరందరి కూలి ఎంతో ప్రదర్శన గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ రాయాలి.